స్పియన్‌కోప్ కొండ మీద మనవాళ్ళు

జోహనెస్‌బర్గ్‌లో ఉండే మన తెలుగు కుటుంబాలకి నాలుగు రోజులు సెలవులొస్తే దారులు రెండే. సింహాల కోసం క్రూగర్ పార్కు, లేదా సముద్రం కోసం డర్బన్. మేమూ పన్నెండేళ్ళుగా అదే చేశాం. వాన్ రీనెన్ ఘాట్ దిగి, లేడీస్మిత్ దగ్గర పెట్రోలు కొట్టించుకుని, ఫ్లాస్కులో టీ తాగి మళ్ళీ కారెక్కడమే. ఆ హైవేకి రెండు పక్కలా ఉన్న పల్లెల్లో ఏముందో ఎప్పుడూ చూడలేదు.

ఈసారి ఈస్టర్ సెలవుల్లో మావాడి హిస్టరీ ప్రాజెక్టు పుణ్యమా అని డండీ ఊళ్ళో గది తీసుకుని మూడు రోజులు ఆ ప్రాంతం తిరిగాం. క్వాజులు-నటాల్ ఉత్తర భాగమైన ఈ పల్లెసీమని 'యుద్ధభూముల దారి' అని పిలుస్తారు. ఎక్కువగా ఇంగ్లండు నుంచి వచ్చేవాళ్ళు చూస్తుంటారు. "మనకెందుకురా ఈ గొడవలు? మనం వీసా కొట్టించుకుని విమానంలో వచ్చినవాళ్ళం" అన్నాను బయల్దేరేముందు. ఆ మాట మూడు రోజుల్లో వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

మొదటిరోజు న్‌కోమే నదికి వెళ్ళాం. 1838 డిసెంబరు 16న డచ్చి సంతతి వలసదారులు బళ్ళు గుండ్రంగా నిలబెట్టి, వాటి చాటు నుంచి తుపాకులతో జులూ సైన్యాన్ని ఓడించిన చోటు. మూడు వేల మంది జులూలు చనిపోయారంటారు. నీళ్ళు ఎర్రబడ్డాయని తెల్లవాళ్ళు దానికి 'బ్లడ్ రివర్' అని పేరు పెట్టారు. నదికి ఒక ఒడ్డున నిజం బళ్ళంత ఉన్న 64 లోహపు బళ్ళు వలయంలా నిలబెట్టి ఉన్నాయి. రెండో ఒడ్డున ఎద్దు కొమ్ముల ఆకారంలో జులూల మ్యూజియం. అది వచ్చింది 1990ల చివర్లో. రెండింటినీ కలిపే వంతెన 2014లో తెరిచారు. గెలిచినవాళ్ళ కథ ముందు వచ్చింది, ఓడినవాళ్ళ కథ నూట అరవై ఏళ్ళకి వచ్చింది.

మర్నాడు ఇసాండ్లువానా. గడ్డిమైదానం మధ్య ఒంటరి కొండ. మా ఆవిడకి అది పడుకున్న నందిలా కనిపించింది. 1879 జనవరి 22న ఇరవై వేల జులూ సైన్యం బల్లేలు, డాళ్ళతో వచ్చి, కొత్తరకం రైఫిళ్ళున్న బ్రిటిష్ శిబిరాన్ని తుడిచిపెట్టింది. 1300 మందికి పైగా బ్రిటిష్ పక్షం వాళ్ళు చనిపోయారు. వాళ్ళని పాతిపెట్టిన చోటల్లా సున్నం కొట్టిన రాళ్ళగుట్టలు. అక్కడికి దగ్గర్లోనే రోర్క్స్ డ్రిఫ్ట్. అదే రోజు సాయంత్రం మొదలుపెట్టి తెల్లవార్లూ ఆ స్థావరాన్ని కాపాడిన నూట యాభై మందిలో 11 మందికి విక్టోరియా క్రాస్ ఇచ్చారు. ఇసాండ్లువానాలో గెలిచిన జులూల స్మారకం మాత్రం 1999లో వచ్చింది. వీరుడి మెడలో వేసే హారాన్ని కంచుతో పోతపోసి పెట్టారు.

మావాడు అన్నీ రాసుకుంటూ, "నాన్నా, ఇక్కడ మనవాళ్ళెవరూ లేరా?" అనడిగాడు. లేరనే చెప్పాను.

మూడోరోజు స్పియన్‌కోప్ ఎక్కాం. 1900 జనవరి 23 రాత్రి బ్రిటిష్ సైనికులు చీకట్లో ఈ కొండెక్కి కందకం తవ్వారు. రాతినేల కావడంతో గట్టిగా లోతు రాలేదు. తెల్లారి మంచు విడేసరికి చుట్టుపక్కల గుట్టల మీద నుంచి బోయర్ల తుపాకులు వాళ్ళకే గురిపెట్టి ఉన్నాయి. 240కి పైగా బ్రిటిష్ సైనికులు చనిపోయారు. చాలామందికి ఆ కందకమే సమాధి. ఆ పొడుగాటి రాళ్ళవరస పక్కన నిలబడితే నోట మాట రాలేదు.

గైడ్లందరూ ఇక్కడ ఒక విశేషం చెబుతారు. ఆ యుద్ధంలో ముగ్గురు కాబోయే నాయకులున్నారు: బోయర్ల సేనాని లూయిస్ బోథా, వార్తలు చేరవేసిన చర్చిల్, గాయపడినవాళ్ళని మోసిన గాంధీ. మా గైడూ అదే చెప్పాడు. గాంధీ ఒక్కడే స్ట్రెచర్ మోయలేడు కదా! మిగతావాళ్ళెవరు?

గాంధీగారే తన ఆత్మకథలో లెక్క రాశారు. ఆ దళంలో దాదాపు 1100 మంది భారతీయులు. అందులో స్వేచ్ఛగా బతికేవాళ్ళు మూడు వందలు. మిగతా అందరూ గిర్‌మిట్ కూలీలు. గుండ్లు పడే పరిధిలోకి వాళ్ళు రానక్కర్లేదని మొదట షరతు. స్పియన్‌కోప్ దగ్గర అదీ పోయింది. గాయపడినవాళ్ళని మోస్తూ రోజుకు 20 నుంచి 25 మైళ్ళు నడిచారు. యుద్ధం తర్వాత పతకాలు దళనాయకులకిచ్చారు.

1860 నవంబరు 16న మద్రాసు నుంచి వచ్చిన 'ట్రూరో' ఓడతో మొదలై 1911 దాకా నటాల్‌కి 1,52,000 మందికి పైగా కూలీలొచ్చారు. వాళ్ళలో మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచే. విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల వాళ్ళు వాళ్ళలో ఉన్నారు. అలాంటప్పుడు ఆ ఎనిమిది వందల మంది కూలీల్లో మన భాష మాట్లాడేవాళ్ళు లేకుండా ఉంటారా?

తిరిగొచ్చి డండీలో తలానా మ్యూజియం చూశాం. అక్కడ బొగ్గుగనుల సామాను ఉంది. ఆ గనుల్లోనూ మన కూలీలే. ఒప్పందం అయిపోయాక ఇక్కడే ఉండదలిస్తే ఏటా 3 పౌన్ల పన్ను కట్టాలని 1895లో చట్టం తెచ్చారు. ఒప్పందం మొదటి ఏడు కూలీ జీతం నెలకి 10 షిల్లింగులు. 3 పౌన్లంటే 60 షిల్లింగులు, అంటే ఆరు నెలల జీతం. 1913 అక్టోబరులో దగ్గర్లోని న్యూకాసిల్ గనుల కూలీలు పని ఆపేశారు. నవంబరు 6న 2037 మంది మగవాళ్ళు, 127 మంది ఆడవాళ్ళు, 57 మంది పిల్లలు గాంధీగారి వెంట ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటారు. 1914లో ఆ పన్ను పోయింది.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నారు. ఇంటిపేరు చివర నాయుడు, ఈ దేశంలో ఐదో తరం. ఆయనకొచ్చిన తెలుగు పది మాటలు. వాటినీ ఇంగ్లీషు యాసలో అంటే నేను లోలోపల నవ్వుకున్నాను. ఆరు నెలల క్రితం ఆయన నాకు ఒక కాగితం ఇచ్చారు. ఆయన ముత్తాత తండ్రి వచ్చిన ఓడ జాబితా నకలు. నంబరు, పేరు, తండ్రిపేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటిమీద మచ్చ, జిల్లా, తాలూకా, ఊరు. గుమాస్తా చెవికెలా వినబడితే అలా ఇంగ్లీషులో రాసిన ఊరి పేరది. "ఇది ఏ ఊరో చదివి చెప్తారా?" అన్నారు. అలాగేనని సొరుగులో పెట్టి మర్చిపోయాను.

ఊరి నుంచి తిరిగొచ్చిన రాత్రి ఆ కాగితం తీశాను. మౌసు పట్టుకుని మ్యాపులో వెతకడం కాదు, ఆ అక్షరాలని పైకి చదవాలి. నేను చదువుతుంటే శ్రీకాకుళం వైపు పుట్టిన మా అత్తగారు ఫోన్లో విని, "అలా కాదు బాబూ, దాన్ని ఇలా అంటారు" అని సరిగ్గా పలికారు. ఆ పేరుతో ఆ తాలూకాలో ఊరుంది. సోమవారం ఆయనకి చెప్పాను. ఆయన ఆ పేరుని నాలుగుసార్లు నెమ్మదిగా పలికారు. నేను నవ్వలేదు.

ఇలాంటి కాగితాలు ఈ దేశంలో వేల ఇళ్ళల్లో ఉన్నాయి. డర్బన్‌లో 1931 నుంచి ఆంధ్ర మహాసభ పెట్టుకుని భాషని నిలుపుకోవాలని చూస్తున్నవాళ్ళు వాళ్ళు. ఆ ఊరిపేర్లు చదవడం మనకి తేలిక. వచ్చే సెలవుల్లో సముద్రానికే వెళ్ళండి, కానీ దారిలో ఒక పూట స్పియన్‌కోప్ ఎక్కండి. దిగాక, మీ ఆఫీసులోనో మీ వీధిలోనో ఉన్న నాయుడుగారిని అడగండి, మీ పెద్దల ఓడ కాగితం ఉందా అని.