కాలువను మళ్లించిన కలివికోడి

చెరువుగట్టున బైనాక్యులర్స్‌తో నిలబడి, కనబడిన ప్రతి పక్షి పేరూ రాసుకోవడం మీలో కొందరికి ఇప్పటికే అలవాటై ఉండవచ్చు. ఆ రాతలు ఆ చెరువుకేమైనా ఉపయోగపడతాయా? జవాబు కావాలంటే మీరు కడప జిల్లా ముళ్లపొదల్లోకి ఒకసారి వెళ్లిరావాలి.

నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డాన్‌కు పక్షులంటే ప్రాణం. ఆయన సేకరించిన ఒక కొత్త పక్షికి 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ ఆయన పేరే పెట్టాడు. పుస్తకాల్లో అది జెర్డాన్స్ కోర్సర్. మన పల్లెల్లో కలివికోడి. పొడవు 27 సెంటీమీటర్లు, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు. పెన్నా, గోదావరి లోయల్లో అరుదుగా కనబడిన ఈ పక్షిని 1900లో అనంతపురం దగ్గర చూసినట్లు నమోదైంది. ఆ తర్వాత ఎనభై అయిదేళ్లు దాని జాడలేదు. సలీం అలీ వంటి ఉద్దండుల అన్వేషణ కూడా ఫలించలేదు. ఇక అంతరించిపోయిందనే చాలామంది అనుకున్నారు.

1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ మళ్లీ వెతకడం ప్రారంభించారు. ఆయన అడవిని వెతకడంతోనే ఆగలేదు, అడవి తెలిసిన మనుషులనూ అడిగారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి సమీపంలో ఒక స్థానిక వేటగాడు రాత్రివేళ టార్చిలైటు వెలుగులో దాన్ని సజీవంగా పట్టుకున్నాడు. అది రాత్రి సంచరించే పక్షి అన్న సంగతి శాస్త్రజ్ఞులకు అప్పుడుగాని తెలియలేదు! ఆ వేటగాడి దగ్గర బైనాక్యులర్స్ లేవు. అయినా అతణ్ణి మంచి పక్షి పరిశీలకుడు అనడానికి నాకు సందేహమేమీ లేదు.

ఆ పొదల మీదుగానే తెలుగుగంగ కాలువ రావలసి ఉంది. ఈ పక్షి కోసం 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. కాని గీత గీసినంత మాత్రాన రక్షణ దొరకదు. పక్షికి ఎలాంటి చోటు కావాలో తెలియాలి గదా? కంటికి చిక్కని పక్షిని లెక్కించేదెలా? పరిశోధకులు నేల మీద మెత్తటి మట్టిని పట్టీలుగా పరచి, తెల్లవారి అడుగుజాడలను చూశారు. స్వయంచాలక కెమెరాలు అమర్చారు. సంధ్యవేళ కూతలు విన్నారు. అలా తేలిందేమిటంటే, హెక్టారుకు 300 నుండి 700 దాకా పెద్ద పొదలు, మధ్యలో ఖాళీనేల ఉన్నచోటే దానికి ఇష్టం. పొదలు మరీ దట్టమైనా, కట్టెల కోసం నరికి పలచబరచినా అది నిలవదు. మనం “బంజరు” అని కొట్టిపారేసే నేల దానికి ఇల్లు.

2005లో కాలువ తవ్వకం ఆ ఇంటిలోకి చొచ్చుకొచ్చినప్పుడు ఈ రికార్డులే పనికివచ్చాయి. ఎక్కడ, ఏ తేదీన, ఏ ఆధారంతో పక్షి ఉందో చూపగలిగారు గనుక పని ఆగింది. విషయం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్లింది. చివరికి కాలువ మార్గం మార్చడానికి రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంది. రైతుకు నీరూ కావాలి, పక్షికి పొదా కావాలి. కచ్చితమైన సమాచారం లేకపోతే ఈ తగవులో ఓడేది ఎప్పుడూ పొదే.

మీ ఊరి చెరువుకు అభయారణ్యమనే పేరు ఉండకపోవచ్చు. అయినా నెలకొకసారి అదే చోటికి, అదే వేళకు వెళ్లండి. తేదీ, పక్షుల సంఖ్యతోబాటు నీటిమట్టం, తుంగ కోసిన వైనం, పూడ్చిన మట్టి కూడా రాయండి. ఏ పక్షీ కనబడని రోజున ఆ మాటే రాయండి; అదీ సమాచారమే. 1987 నుండి ప్రతి జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలో పాల్గొనండి. పశువులు కాసేవారినీ, చేపలు పట్టేవారినీ అడగడం మరవకండి. గూళ్ల దగ్గరికి మాత్రం ఫోటోల కోసం పోవద్దు.

కలివికోడి ఆ తర్వాత మళ్లీ చాలా ఏళ్లు కనబడకుండా పోయింది. 2025 ఆగస్టులో కొందరు పక్షి పరిశీలకులు ఆంధ్రప్రదేశ్‌లో ఒక రాత్రి చెవులు రిక్కించి కూర్చుని దాని కూతను రికార్డు చేశారు.