అరుణాచలమున ఆత్మవిచారము – తెలుగు పలుకు

తమిళదేశమున తరతరములుగా నివసించుచున్న తెలుగువారి చరిత్రమును వ్రాయువారు సాధారణముగా నాయకరాజుల పాలనమును, తంజావూరి యక్షగానములను, త్యాగరాజ కీర్తనములను పేర్కొని ముగింతురు. ఇరువదవ శతాబ్దమున తిరువణ్ణామలలో సాగిన అద్వైత విచారమున తెలుగు వహించిన పాత్ర అంతగా ప్రస్తావనకు వచ్చుట లేదు. దానిని గుర్తుచేయుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

శ్రీ రమణ మహర్షి 1879వ సంవత్సరము డిసెంబరు 30వ తేదీన తిరుచుళి గ్రామమున జన్మించిరి. వారి మాతృభాష తమిళము. 1896 జులైలో, మధురలో విద్యార్థిగా ఉన్నప్పుడు, వారికి హఠాత్తుగా మరణభయము కలిగెను. వారు నేలపై శవమువలె పరుండి, దేహము పోయినచో పోవునది ఎవరు అని తమలో తామే విచారించిరి. దేహముతో నిమిత్తము లేని "నేను" అను ఎరుక చెదరక నిలుచుట వారికి ప్రత్యక్షమయ్యెను. ఆ సంవత్సరమే సెప్టెంబరు 1వ తేదీన అరుణాచలము చేరి, 1950 ఏప్రిల్ 14న నిర్యాణము చెందువరకు ఆ క్షేత్రమును విడువలేదు.

వారి బోధకు ఆంధ్రులతో ముఖ్య సంబంధము 1907లో ఏర్పడెను. బొబ్బిలి ప్రాంతమందలి కలువరాయి గ్రామమున 1878లో జన్మించిన కావ్యకంఠ గణపతిముని, ఏండ్ల తరబడి మంత్రజపము చేసియు తపస్సుయొక్క స్వరూపము తెలియక, ఆ సంవత్సరము నవంబరు 18న విరూపాక్షగుహకు పోయి ప్రశ్నించిరి. "నేను" అను తలంపు ఎచ్చట పుట్టుచున్నదో పరిశీలించినచో మనస్సు అచ్చటనే లీనమగుననియు, అదియే తపస్సనియు ప్రత్యుత్తరము లభించెను. అంతవరకు బ్రాహ్మణస్వామి అని పిలువబడుచుండిన వారికి భగవాన్ శ్రీ రమణ మహర్షి అను పేరు పెట్టినది ఈ ఆంధ్ర పండితులే.

ఆ ప్రత్యుత్తరములోని భావము సుబోధకమే. మెలకువలో దేహము తోచును. కలలో వేరొక దేహము తోచును. గాఢనిద్రలో ఏ దేహమును తోచదు. అయినను నిద్రనుండి లేచినవాడు "సుఖముగా నిద్రించితిని" అనును. వచ్చి పోవు అవస్థలు మూడింటను పోకయుండు ఎరుకయే ఆత్మ. దేహముతోపాటు లేచి, నా ఊరు, నా పేరు అని పెనవేసికొనునది అహంవృత్తి మాత్రమే. "నేనెవడను" అను ప్రశ్న జపించుటకు కాదు; అది ఆ వృత్తిని దాని పుట్టినచోటికి మరలించు సాధనము.

ఈ బోధను మహర్షి తెలుగువారికి అనువాదకులద్వారా మాత్రమే అందింపలేదు. తాము తెలుగు నేర్చి, తమిళమున 1927లో రచించిన ఉపదేశసారమును తామే సంస్కృతము, తెలుగు, మలయాళములలోనికి మార్చిరి. 1947 ఫిబ్రవరిలో సూరి నాగమ్మగారి కోరికపై ఏకాత్మ పంచకమును మొదట తెలుగుననే, వెణ్బా అను తమిళ ఛందమున రచించి, పిదప తమిళమున వ్రాసిరి. తెర బొమ్మలో లేదు, బొమ్మయే తెరపై ఉన్నది. అటులే ఆత్మ దేహమున లేదు, దేహమే ఆత్మయందు తోచుచున్నది అను దృష్టాంతము అందలిదే. నాగమ్మగారు 1945 మొదలు 1950 వరకు సోదరునకు తెలుగున వ్రాసిన లేఖలు ఆశ్రమ జీవితమునకు అమూల్య సాక్ష్యములు.

ఇచ్చట ఒక ఆక్షేపణ పుట్టును. ఆత్మకు దేశము లేదు, భాష లేదు. అట్లయిన పరదేశమున తెలుగును నిలుపుకొనవలెనను పట్టుదల అహంవృత్తికి మరియొక ఆభరణము కాదా? ఈ ఆక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. తెలుగువాడను అను గర్వమే మన సంఘముల పరమార్థమైనచో అది సత్యమే. కాని మౌనమే పరమోపదేశమని నమ్మిన మహర్షియే తమది కాని భాషను శ్రమపడి నేర్చి, అందు ఛందోబద్ధముగ వ్రాసిరి. ప్రశ్న ఏ భాషలోను నిలువకపోవచ్చును; కాని అది ప్రతివానికి తనకు తెలిసిన భాషలోనే మొదలగును. బంగారము ఒక్కటే అయినను చేతికి అందునది నగగానే.

2006వ సంవత్సరపు చట్టము తమిళనాటి పాఠశాలలలో తమిళమును నిర్బంధ పాఠ్యముగా చేసినది. రాజ్యభాషను నేర్చుట ధర్మమే. మహర్షి చరిత్రము కూడ రెండు భాషలకు పొరపొచ్చెము లేదనియే చూపుచున్నది. అయినను మా వంటి అల్పసంఖ్యాక భాషా పాఠశాలలలో తెలుగు మాటలాడగలిగియు తెలుగు అక్షరము చదువలేని బాలబాలికలు కనబడుచున్నారు. తమ రాష్ట్రమునందే, తమ భాషలోనే పుట్టిన అయిదు పద్యములు వారికి మూతబడిన పుస్తకమే. ఆ పద్యములను తెలుగు, తమిళ పాఠములతో ప్రక్కప్రక్కన అచ్చొత్తించి ఉన్నత తరగతులవారిచే చదివించుట మన సంఘములు సులభముగా చేయదగిన పని. అది భాషాసేవయు, ఆత్మవిచారమునకు తొలిమెట్టును కాగలదు.