ది స్కార్లెట్ లెటర్: దాచిన పాపం, దాచలేని పాపం

నథానియల్ హాథార్న్ (1804–1864) రాసిన ‘ది స్కార్లెట్ లెటర్’ 1850 మార్చిలో బోస్టన్‌లో వెలువడింది. కథ జరిగేదీ అక్కడే, 1640లలో, ప్యూరిటన్ల ఏలుబడిలో. హెస్టర్ ప్రిన్ అనే వివాహిత, భర్త జాడ తెలియని రోజుల్లో బిడ్డను కంటుంది. తండ్రెవరో చెప్పదు. శిక్షగా గుండెల మీద ఎర్రటి ‘ఎ’ అక్షరంతో బతకాలి. నవల మొదలయ్యేసరికే తప్పు జరిగిపోయింది. ఆ తర్వాత ఎవరు ఏమయ్యారన్నదే కథంతా.

ఇలాంటి శిక్ష ఉత్త కల్పన కాదు. వ్యభిచారులు పైదుస్తుల మీద గుడ్డ అక్షరాలు కుట్టుకుని తిరగాలని 1658లో ప్లిమత్ కాలనీ చట్టం చేసింది. హాథార్న్‌కు ఆ కాలంతో రక్తసంబంధమే ఉంది. 1692 నాటి సేలం మంత్రగత్తెల విచారణల్లో న్యాయాధికారి జాన్ హాథోర్న్ ఆయన పూర్వీకుడు. పెద్దల తరఫున ఆ సిగ్గును తాను మోస్తున్నానని నవల ముందుమాటలో బాహాటంగానే రాశాడు. 1849 జూన్‌లో రాజకీయాలు మారి సేలం కస్టమ్స్ కార్యాలయంలో కొలువు పోయింది, జులై నెలాఖరున తల్లి పోయింది. ఆ దుఃఖంలో రాసిన పుస్తకమిది. ముగింపు చదివి వినిపిస్తే భార్య సోఫియా తట్టుకోలేక తలనొప్పితో పడకెక్కింది. రచన ఫలించిందనడానికి అదే గుర్తని ఆయన ఒక మిత్రుడికి ఉత్తరం రాశాడు.

హెస్టర్ తన శిక్షను బంగారు దారంతో అల్లుకుంటుంది. ఆ సూదిపనే ఆమెకు కూడు పెడుతుంది. గవర్నర్ మెడపట్టీ, పసిపాపల టోపీ, శవాల మీది వస్త్రం, అన్నీ ఆమె చేతివే. పెళ్లికూతురి మేలిముసుగు మాత్రం ఎవ్వరూ కుట్టించుకోరు. ఊరి క్రూరత్వం ఆ ఒక్క వివరంలోనే తెలిసిపోతుంది. రోగులకు, పేదలకు ఏళ్ల తరబడి చేసిన సేవ వల్ల చివరికి ఆ అక్షరానికి సమర్థురాలని అర్థం చెప్పుకునే జనం తయారవుతారు.

బిడ్డ తండ్రి డిమ్స్‌డేల్ పాస్టర్. తాను పాపినని వేదిక మీంచి చెబుతాడు గానీ ఏ పాపమో చెప్పడు. వినేవాళ్లు దాన్ని వినయమనుకుని ఇంకా పూజిస్తారు. రాత్రిళ్లు కొరడాతో తనను తాను కొట్టుకుంటాడు. వైద్యుడి ముసుగులో అతడి పక్కనే చేరిన హెస్టర్ భర్త చిల్లింగ్‌వర్త్, ఆ మనసును తవ్వుతూ తానే మనిషితనం పోగొట్టుకుంటాడు. ఈ ముగ్గురిలో ఘోరపాపి ఇతడేనన్నది రచయిత తీర్పు.

అయితే హెస్టర్‌ను దాపరికం లేని మనిషిగా చదవడం పొరపాటు. భర్త ఎవరో ఆమె ఏడేళ్లు దాచింది. డిమ్స్‌డేల్ నరకయాతనలో ఆ మౌనానికీ వాటా ఉంది. అడవిలో అతడి ఎదుట అది ఒప్పుకున్న క్షణం, ఊరు వేసిన శిక్ష కంటే ఆమెను ఎక్కువ మార్చిందనిపిస్తుంది. చివర్లో ఎవరూ బలవంతపెట్టకుండానే బోస్టన్ తిరిగొచ్చి, అక్షరాన్ని మళ్లీ ధరించి, కష్టాల్లో ఉన్న ఆడవాళ్లకు దిక్కవుతుంది.

తొలి ముద్రణ 2,500 ప్రతులు దాదాపు పది రోజుల్లో చెల్లిపోయాయి. కొన్ని మతపత్రికలు మండిపడ్డాయి. 1926 నాటి మూకీ చిత్రంలో లిలియన్ గిష్ హెస్టర్‌గా నటించింది. 1995 సినిమా ప్రేమికులిద్దరినీ బతికించి ఊరు దాటించడంతో నవల చివర్లో పాస్టర్ చేసే బహిరంగ ఒప్పుకోలుకు ఉన్న బరువు పోయింది. 1986లో మరీస్ కోండే తన ఫ్రెంచ్ నవలలో హెస్టర్‌ను సేలం నిందితురాలు టిట్యూబాతో జైల్లో కలిపింది; అక్కడి హెస్టర్‌కు ఎదిగే వ్యవధి దొరకదు, జైల్లోనే ప్రాణం తీసుకుంటుంది.