చిన్న బాస్ డ్రమ్ముకు ఏ తోలు?

భాద్రపద మాసంలో దుర్గ్, భిలాయి వీధుల్లో వినాయకుడి ఊరేగింపు సాగుతుండగా వాన పడిందనుకోండి. తోలు బిగించిన డ్రమ్ము తేమ పీల్చుకుని వదులవుతుంది, శబ్దం చప్పబడుతుంది. మన డప్పు వాద్యకారులు మంట దగ్గర కాచి తోలును మళ్ళీ బిగువుకు తెచ్చుకుంటారు. నడుస్తున్న బ్యాండులో బాస్ డ్రమ్ము మోసేవాడు ఆ పని ఎన్నిసార్లు చేయగలడు?

ఈ చిక్కు ప్రపంచమంతటా ఉండేది. 1955లో భారత, సోవియట్ ప్రభుత్వాల ఒప్పందంతో భిలాయి ఉక్కు కర్మాగారం మొదలైంది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. పని వెతుక్కుంటూ వచ్చిన వారిలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే అమెరికాలో చిక్ ఇవాన్స్, రెమో బెల్లీ వంటివారు దూడతోలు స్థానంలో మైలార్ అనే పాలిస్టర్ పొరను డ్రమ్ములకు బిగించారు. 1957లో రెమో సంస్థ ఏర్పడింది. తమ సరుకుకు వాతావరణానికి రాజు అనే అర్థంలో ‘వెదర్ కింగ్’ అని పేరు పెట్టుకున్నారు. అది ఉత్త గొప్ప కాదు, పాలిస్టర్ తేమను దాదాపు పీల్చదు.

అదే కాలంలో డ్రమ్ములూ చిన్నవయ్యాయి. పెద్ద జాజ్ బృందాల 26, 28 అంగుళాల బాస్ డ్రమ్ముల పక్కన చిన్న బృందాలకు 18, 20 అంగుళాలవి వచ్చాయి. ఇక్కడే అసలు లెక్క. బిగింపు మారకుండా వ్యాసం 22 నుంచి 18 అంగుళాలకు తగ్గితే స్థాయి సుమారు 1.22 రెట్లు పెరుగుతుంది. పాత గంభీర నాదం కావాలంటే పొర బరువు 1.22 వర్గం, అంటే ఒకటిన్నర రెట్లు ఉండాలి. మామూలు ఒంటిపొర మందం పావు మిల్లీమీటరు. రెండు పొరలు కలిపినది 0.36 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. చిన్న బాస్ డ్రమ్ములో కొట్టే వైపుకు రెండు పొరలది ఎంచుకోవడం వెనుక కారణం ఇదే. జాజ్ వాయించేవారు మాత్రం తేలిక నాదం కోసం ఒంటిపొరనే కోరుకోవచ్చు.

మన మృదంగ విద్వాంసులకు ఈ సూత్రం కొత్త కాదు. ఎడమవైపు తొప్పి మీద తడి రవ్వముద్ద అద్దితే స్థాయి దిగుతుంది. కచేరీ అయ్యాక గీకేస్తారు. కుడివైపు నల్లని పూత నాదాన్ని ఎలా శ్రుతిబద్ధం చేస్తుందో సి.వి. రామన్ 1920లోనే ‘నేచర్’ పత్రికలో సహరచయితతో కలిసి వివరించారు.

ప్లాస్టిక్ పొర వచ్చాక తోలు నానబెట్టి, వెంట్రుకలు తీసి, ఎండబెట్టి బిగించేవారికి గిరాకీ తగ్గింది. బెల్లీ పేరు చరిత్రలో నిలిచింది. తరతరాలుగా అంటరానివారన్న మాట పడుతూ డప్పుకు తోలు సిద్ధం చేసినవారి పేర్లు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. డప్పుకు కూడా ఇప్పుడు ప్లాస్టిక్ ముఖం బిగిస్తున్నారు. వానకు అది బెదరదు, కాచే పనీ లేదు. కానీ తోలు డప్పు విన్న చెవికి ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది.