రాజపాళయం కుక్కా, పక్కింటికి కొత్తగా వచ్చినవాళ్ళూ



పోయిన నెల మా పక్క ఇంట్లోకి కొత్తగా అద్దెకు వచ్చారు. భార్య, భర్త, రెండో తరగతి చదివే ఒక పాప. పాలు కాచిన రోజు పొద్దుటి నుంచి సామాన్ల బండి వస్తూ పోతూ ఉంది. మా ముత్తు గేటు దగ్గర నిలబడి సాయంత్రం దాకా మొరిగింది. ముత్తు రాజపాళయం జాతి, తెల్లటి మగకుక్క. చీకటి పడేవేళ ఆ అమ్మ గేటు బయటే నిలబడి, "ఐయా, మీ కుక్కను కట్టివేయండి. పోయిన ఏడాది మా పాపను వీధికుక్క కరిచింది. కుక్క గొంతు విన్నా వణుకుతుంది" అని తమిళంలో చెప్పింది.

నాకు కోపం వచ్చింది. "ఇది వీధికుక్క కాదమ్మా, రాజపాళయం. తపాలా బిళ్ళ మీద కూడా వేశారు" అన్నాను. ఆమె ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. లోపలికి రాగానే మా ఇంటావిడ, "తపాలా బిళ్ళ చూపిస్తే ఆ పిల్లకు భయం పోతుందా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన కుక్కల చరిత్ర గురించి ఇన్నేళ్ళు చదివిందంతా మళ్ళీ ఒకసారి తలచుకున్నాను. అదే మీకు రాస్తున్నాను.

ఈ నేలలో కుక్కకు మర్యాద కొత్తది కాదు. తిరువణ్ణామలై జిల్లా ఎడుత్తనూరులో ఒక వీరగల్లు ఉంది. పల్లవరాజు మహేంద్రవర్మ 34వ ఏట, అంటే 7వ శతాబ్దంలో, నిలిపినది. వీరుడి బొమ్మ పక్కనే అతని కుక్క బొమ్మ చెక్కారు. కుక్క పేరు కోవివన్. అది ఇద్దరు దొంగలను కరిచి కాపలా కాసిందని రాతిమీద ఉంది. నేను చదివింది తమిళంలో గనుక ఆ వాక్యం అచ్చులో చూసినప్పుడు సులభంగానే అర్థమయింది. 1,400 ఏళ్ళ కిందటి కుక్క పేరు ఈనాటికీ నిలిచి ఉంది.

కర్ణాటకలో మండ్య జిల్లా ఆతకూరులో ఇంకొక రాయి దొరికింది. అది 10వ శతాబ్దం నాటిది. కాళి అనే వేటకుక్క అడవిపందితో పోరాడింది. పందీ చచ్చింది, కుక్కా చచ్చింది. దాని యజమాని గుడి ముందర రాయి నిలిపి, పూజకు భూమి కూడా ఇప్పించాడు. ఇప్పుడు ఆ రాయి బెంగళూరు మ్యూజియంలో ఉంది.

ఇక మన కథకు వస్తాను. 16వ శతాబ్దంలో మదురైని విశ్వనాథ నాయకుడు పాలించాడు. దేశాన్ని 72 పాళయాలుగా పంచింది ఆయన కాలంలోనే. పాళయం అంటే దండు దిగిన చోటు. విజయనగరం దండులతోనూ, వాటి వెనకనూ తెలుగువాళ్ళు గుంపులు గుంపులుగా ఈ దక్షిణానికి వచ్చారు. అలా వచ్చిన రాజులు పడమటి కనుమల కింద దిగిన ఊరే రాజపాళయం. అక్కడ కొండ దగ్గర, అడవి దగ్గర. అడవిపందులు చేలమీద పడేవి. పందివేటకూ, చేను కాపలాకూ, ఇంటి కాపలాకూ వాళ్ళు పెంచిన కుక్కకు ఊరి పేరే వచ్చింది. ఆ చుట్టుపక్కలే చిప్పిపారై, కన్ని కుక్కలు కూడా ఉన్నాయి. కన్నిని పెళ్ళికూతురితో పాటు సారెగా అత్తవారింటికి పంపేవారని చెప్పుకుంటారు.

ఇక్కడ ఒక మాట ఆలోచించండి. ఆ రోజు కొత్తగా దిగినవాళ్ళు ఎవరు? మనమే. భాష వేరు, కట్టు వేరు, చేతిలో ఆయుధం, వెంట కుక్క. అప్పటికే అక్కడ ఉన్న ఊరివాళ్ళు మనల్ని చూసి భయపడి ఉండరా? ఆ భయం ఒక్కరోజులో పోయి ఉండదు. తరతరాలుగా పక్కపక్కన బతికి, వాళ్ళ భాష నేర్చుకుని, వాళ్ళ కష్టసుఖాల్లో నిలబడితేనే పోయింది. 1936లో పి.ఎ.సి. రామసామి రాజా గారు రాజపాళయం మిల్లు పెట్టారు. 1949లో అదే ఊరి పి.ఎస్. కుమారస్వామి రాజా గారు మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. దండుతో వచ్చినవాళ్ళు ఊరివాళ్ళయిపోయారు.

కాని కుక్కకు మాత్రం పని పోయింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. వేట నిలిచిపోయింది. పొలాలు ప్లాట్లయ్యాయి. పది ఎకరాలు పరుగెత్తడానికి పుట్టిన కుక్క రెండు సెంట్ల ఇంట్లో ఇనుపగేటు వెనక నిలబడింది. దానికి మిగిలిన పని ఒకటే, గేటు ముందర కదిలే ప్రతిదాన్నీ చూసి మొరగడం. ముత్తు ఆ రోజంతా మొరిగింది పొగరుతో కాదు. దాని తాతముత్తాతలకు నేర్పిన పని అది చేసింది.

ఇంకొకటి చెప్పాలి. దీన్ని రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. రాజపాళయం అంటే పాలలాంటి తెలుపు, గులాబిరంగు ముక్కు, తేనెరంగు కళ్ళు అని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ తెలుపు కోసం మనవాళ్ళు రంగుమచ్చతో పుట్టిన పిల్లలను పక్కన పెట్టేశారు, చాలా చోట్ల చంపేశారు. తెలుపును మాత్రమే తెలుపుతో కలుపుతూ వచ్చారు. ఆ తెలుపుతో పాటు పుట్టుచెవుడు కూడా వచ్చింది. ఈ జాతిలో చెవిటి పిల్లలు ఎక్కువగా పుట్టడానికి ఇదే కారణం. మా ముత్తుకు కూడా చెవులు వినబడవు. ఎనిమిదేళ్ళుగా ఇరుగుపొరుగుకు ఈ మాట చెప్పలేదు. జాతికుక్కకు లోపం ఉందంటే చులకన అయిపోతామని.

కాని చెవిటికుక్క వెనకనుంచి ఎవరైనా ముట్టుకుంటే ఉలిక్కిపడి పళ్ళు వేస్తుంది. రేపు ఆ పాప భయం తీరి, ప్రేమగానే వెనకనుంచి వచ్చి చెయ్యి వేస్తే ఏమవుతుంది? నా గొప్ప కోసం ఆ పిల్లకు రెండోసారి కాటు పడాలా?

తెల్లవారి నేనే వాళ్ళింటికి వెళ్ళాను. రేబీస్ టీకా కార్డు చూపించాను. ముత్తుకు చెవులు వినబడవని మొదటిసారి ఒక బయటివాళ్ళతో చెప్పాను. ఆ పాప తల్లి వెనకనుంచి తొంగిచూసి, "అయితే నేను అరిచినా దానికి తెలియదా?" అని అడిగింది. "తెలియదమ్మా, కాని చెయ్యి ఊపితే తెలుస్తుంది" అన్నాను. మా గేటు కింది సందుకు ఆ వారమే తగరం కొట్టించాను. పొద్దున బడివ్యాను వచ్చేవేళ ముత్తును పెరట్లో ఉంచుతున్నాం. పాప ఇప్పటికీ దగ్గరకు రాదు. రోడ్డు అవతలనుంచి చెయ్యి ఊపుతుంది. ముత్తు తోక ఊపుతుంది. అంతవరకు చాలు.

మన సభ్యుల్లో కుక్కలు ఉన్నవాళ్ళకు నాలుగు మాటలు. జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన సూచనల ప్రకారం ఏ నివాసుల సంఘమూ, మెజారిటీ ఉన్నా సరే, పెంపుడు కుక్కలను నిషేధించకూడదు. ఆ హక్కు మనకు ఉంది. అలాగని కుక్కను రోజంతా గొలుసుతో కట్టి ఉంచితే 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం తప్పు మనదే అవుతుంది. ఏటేటా టీకా వేయించండి. ఎవరికైనా కాటు పడితే వెంటనే పారేనీటి కింద సబ్బుతో పావుగంట కడిగించి ఆసుపత్రికి తీసుకుపోండి. రాజపాళయం పిల్లను కొనేవాళ్ళు తెలుపు చూసేముందు చెవులు చూడండి. దాన్ని ఒంటరిగా పెట్టి వెనకనుంచి చప్పట్లు కొడితే తిరిగి చూడాలి.

2005 జనవరి 9న మన కుక్కకు తపాలా బిళ్ళ వచ్చినప్పుడు నేను కొని ఆల్బంలో పెట్టుకున్నాను. ఇప్పటికీ ఉంది. కాని పక్కింటికి కొత్తవాళ్ళు వస్తే ముందుగా పట్టుకువెళ్ళవలసింది ఆ ఆల్బం కాదు, టీకా కార్డు. వాళ్ళు వచ్చి అడిగేదాకా ఆగకుండా మనమే ముందు వెళ్ళాలి. ఎందుకంటే కుక్క మనది.