కొలువదగిన లక్ష్యము

విద్య యనగానే మనకు పరీక్షయు, పరీక్ష యనగానే తరగతియు స్ఫురించును. తరగతిలోని పిల్లలందఱకు నొకటే కొలత. ఆ కొలతకు లోబడని బిడ్డను మన సమాజము చిరకాలము “వీనికి చదువు రాదు” అని యింటికి బంపివేసినది. ఆ తీర్పును మార్చిన చరిత్రలో మన జంటనగరములకును భాగము కలదు.

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడినప్పుడు, పరభాషలో గాక దేశభాషలో బోధింపవలెనను సూత్రముపై ఉర్దూను బోధనభాషగా గైకొనిరి. సూత్రము గొప్పది. కాని యా రాజ్యమున తెలుగు మాటలాడువారే పెక్కుండ్రు. విద్యార్థి మేలుకొఱకని చెప్పినంత మాత్రమున విద్య విద్యార్థికి జేరదు. చేరినదో లేదో యొక్కొక్క బిడ్డవద్దకు బోయి చూడవలెను.

ఈ చూచుట అమెరికాలో 1975లో శాసనమైనది. వైకల్యముగల ప్రతి బిడ్డకును ప్రత్యేకముగా విద్యాప్రణాళిక వ్రాయవలెననియు, అందు సంవత్సర లక్ష్యములును, అవి నెరవేరినవో లేదో తేల్చు ప్రమాణములును ఉండవలెననియు నా చట్టము విధించెను. 1984లో సికింద్రాబాదు బోయినపల్లియందలి మనోవికాసనగరమున జాతీయ మానసిక వికలాంగుల సంస్థ వెలసినది; దాని పేరు తరువాత మాఱినది. తార్నాక చెంతనున్న ఉస్మానియాకు అనుబంధముగా నచ్చట ప్రత్యేకోపాధ్యాయుల శిక్షణయు సాగినది.

1992లో ఆ సంస్థనుండి రీటా పేషావారియా, ఎస్. వెంకటేశన్ గార్లు భారతీయ బాలురకై యొక కొలమానమును వెలువరించిరి. అందు నేర్పులు 280. పని తానే చేసిన బిడ్డకు 5, సూచనతో చేసిన 4, నోటిమాటతో చేసిన 3, చేయిపట్టి చేయించిన 2, పూర్తిగా పరాధీనమైన 1. ఇందలి విశేషము గమనింపదగినది. పరీక్షలో తప్పినవానికి సున్నయే. ఇచ్చట చేయి పట్టుకొననక్కఱలేక మాటతో చేయగలుగుటయు నొక మెట్టే.

“పిల్లవానికి బస్సు ప్రయాణము నేర్పెదము” అనుట కోరిక. “మూడు నెలలలో, తార్నాక కూడలియందు, తల్లి ప్రక్కన నిలిచియుండగా, ఐదుమార్లలో నాలుగుమార్లు, ఎవరును చెప్పకయే తాను ఎక్కవలసిన బస్సు సంఖ్యను గుర్తించును” అనుట లక్ష్యము. మొదటిది నెరవేరకున్నను ఎవరును జవాబు చెప్పనక్కఱలేదు. రెండవది నెరవేరనిచో బోధనరీతిని మార్చవలసియుండును. ఇంతకాలము బిడ్డపై మోపిన నిందను ఈ చిన్న వాక్యము బోధించువారి బాధ్యతగా మార్చుచున్నది. కొలత యొక్క న్యాయమంతయు నిందే కలదు.

అయితే బిడ్డ సంతోషమును శాతములలో నెట్లు కొలుతురని తల్లిదండ్రు లడుగవచ్చును. ఆ శంక సరియైనదే. లెక్కకు సులభమైనది గనుక సంవత్సరమెల్ల రంగుముక్కలు పేర్పించి పుస్తకము నింపు పాఠశాలలకు కొఱత లేదు. సికింద్రాబాదు సంస్థ తయారుచేసిన మఱియొక పట్టికలో 80 శాతము సాధించిన బిడ్డ పైమెట్టు చేరును. కాని వినోదమునకు సంబంధించిన యంశములను ఆ లెక్కలో గలుపలేదు. ఏది కొలువవలెనో, ఏది కొలువరాదో రెండును తెలిసినవారే కొలుచుట కర్హులు.

మన దేశపు 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము 16వ విభాగమున, ప్రతి వికలాంగ విద్యార్థియు సాధించిన ప్రగతిని విద్యాసంస్థలు పరిశీలింపవలెనని చెప్పుచున్నది. చట్టము పుస్తకమందున్నంత మాత్రమున నింటికి రాదు. కావున చదువరులగు తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే: బడివారు “మీ బిడ్డ బాగుగానే యున్నాడు” అన్నప్పుడు తలయూపి మరలిపోకుడు. ఈ మూడు నెలలకు లక్ష్యమేమి, ఎట్లు కొలిచితిరి, నెరవేరనిచో నేమి మార్చెదరు అని యడుగుడు. దయకు లెక్క లేదు. హక్కునకు లెక్క కలదు.