గ్రూమింగ్ తర్వాత కుక్క రూపు చెడిందా, గాయమైందా? డబ్బులు వెనక్కి ఎలా అడగాలి, ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

మహబూబాబాద్ జిల్లా దంతాలపల్లిలో ఉండే ఓ కుటుంబం తమ పామేరియన్‌ను కటింగ్ కోసం హనుమకొండలోని ఓ పెట్ సెలూన్‌కు తీసుకెళ్లిందనుకుందాం. రానుపోను ఖర్చు కాకుండా సెలూన్‌కు రూ.1,500 కట్టారు. ఇంటికొచ్చి చూస్తే బొచ్చు ఒకచోట చర్మం కనిపించేంత పొట్టిగా, ఇంకోచోట పొడవుగా ఉంది. తొడ లోపలి భాగం ఎర్రగా కందింది. కుక్క అక్కడే నాకుతూ కూర్చుంది. సెలూన్‌కు ఫోన్ చేస్తే 'బొచ్చే కదా సార్, నెలలో వచ్చేస్తుంది' అన్నారు.

ఇలాంటప్పుడు కొందరు 'కుక్క కటింగ్‌కు కూడా గొడవేంటి' అని వదిలేస్తారు. మరికొందరు కోపంతో గూగుల్ రివ్యూలో తిట్టి ఊరుకుంటారు. రెండు పద్ధతుల్లోనూ డబ్బు తిరిగి రాదు. కుక్కకు నిజంగా గాయమై ఉంటే దానికి వైద్యం కూడా ఆలస్యమవుతుంది. నొప్పి ఎక్కడో అది చెప్పలేదు కాబట్టి చూసుకోవాల్సింది మీరే.

డబ్బు తీసుకుని చేసిన గ్రూమింగ్ కూడా చట్టం దృష్టిలో 'సేవ'. అందులో లోపం ఉంటే వినియోగదారుగా మీకు హక్కులుంటాయి. అయితే అవి పనిచేయాలంటే తొలి 24 గంటల్లో మీరేం చేశారన్నది ముఖ్యం.

ముందు తేల్చుకోండి: నచ్చలేదా, నష్టం జరిగిందా?

ఈ రెండూ వేర్వేరు. కటింగ్ మీరు అనుకున్నట్లు రాకపోవడం ఒకటి. చర్మం తెగడం, కాలడం, ఇన్ఫెక్షన్ రావడం మరొకటి. మొదటిది చాలావరకు మాటలతో తేలుతుంది. రెండోదానికి డాక్టరు, కాగితం కావాలి.

ఇంటికి రాగానే మంచి వెలుతురులో కుక్కను తల నుంచి తోక దాకా చేత్తో తడిమి చూడండి. ముఖ్యంగా ఇవి గమనించండి.

• చంకలు, తొడల లోపలి భాగం, పొట్ట: ట్రిమ్మర్ బ్లేడు వేడెక్కితే ఇక్కడి పలచని చర్మం కందిపోతుంది. కొన్ని గంటల తర్వాతే ఎరుపు తేలవచ్చు.
• గోళ్లు: మరీ లోపలికి కత్తిరిస్తే గోరులోని రక్తనాళం తెగి రక్తం వస్తుంది. శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషాలు గట్టిగా అదిమి పట్టండి. రక్తం ఆగకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి.
• చెవులు: స్నానంలో నీళ్లు వెళితే కుక్క తల పదేపదే విదిలిస్తుంది. ఒకటి రెండు రోజుల్లో వాసన, చీము కనిపించవచ్చు.
• వీపు: స్నానం చేయించిన ఒకటి రెండు రోజుల్లో కుక్క నీరసపడి, వీపు ముట్టుకుంటే మూలిగితే తేలిగ్గా తీసుకోకండి. వెంట్రుకల మొదళ్లలోకి బ్యాక్టీరియా వెళ్లి వచ్చే ఇన్ఫెక్షన్ ఇలాగే మొదలవుతుంది. దీనికి వెంటనే వైద్యం కావాలి.
• శ్వాస: డ్రైయర్ వేడికి, ముఖ్యంగా పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు, వడదెబ్బ తగలవచ్చు. ఆగకుండా రొప్పడం, చొంగ కార్చడం, తూలడం దాని గుర్తులు. ఒంటి మీద చల్లని నీళ్లు పోసి, ఫ్యాను గాలి తగిలేలా చేసి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మనుషులు వాడే నొప్పి మాత్రలు ఇవ్వొద్దు. ఇబుప్రోఫెన్ లాంటివి కుక్కలకు విషంతో సమానం. ఇంట్లో ఉన్న ఆయింట్‌మెంట్ కూడా డాక్టరును అడగకుండా రాయకండి. కుక్క దాన్ని నాకేస్తుంది.

'నెలలో వచ్చేస్తుంది' అనే మాట నిజమేనా?

అన్ని కుక్కలకూ కాదు. షిట్జూ, పూడిల్ లాంటి వాటికి బొచ్చు పెరుగుతూనే ఉంటుంది. కటింగ్ వంకరగా వచ్చినా కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

పామేరియన్, స్పిట్జ్, జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్, హస్కీ లాంటి వాటికి రెండు పొరల బొచ్చు ఉంటుంది. లోపలి మెత్తని పొర చలి నుంచి కాపాడుతుంది. పైపొర ఎండ నేరుగా చర్మానికి తగలకుండా అడ్డుపడుతుంది. 'ఎండాకాలం కదా' అని చర్మం దాకా గొరిగితే చర్మం ఎండకు కమిలిపోవచ్చు. కొన్నింటికి, ముఖ్యంగా పామేరియన్లకు, బొచ్చు మళ్లీ రావడానికి చాలా నెలలు పడుతుంది. అతుకులు అతుకులుగా రావడం, రంగు మారడం కూడా ఉంటుంది. మీరు అడగకుండానే, మీకు చెప్పకుండానే ఇలా గొరిగితే అది అభిరుచి గొడవ కాదు, సేవలో లోపమేనని వాదించవచ్చు.

సెలూన్ వైపు న్యాయం కూడా చూడాలి. బొచ్చు చర్మం దాకా జడలు కట్టి ఉంటే దువ్వెనతో లాగడం కుక్కకు నరకం. పొట్టిగా తీసేయడమే సరైన పని. జడల కింద పుండ్లు, గోమార్లు ముందే ఉండి ఉండవచ్చు. ఆ సంగతి కత్తిరించే ముందు మీకు చెప్పారా, ఒప్పుకొన్నారా అన్నది ఇక్కడ కీలకం.

తొలి 24 గంటల్లో చేయాల్సినవి

1. ఫొటోలు, వీడియో తీయండి. గాయాన్ని దగ్గర నుంచి, కుక్క మొత్తం కనిపించేలా దూరం నుంచి తీయండి. సెలూన్‌కు వెళ్లే ముందు తీసిన ఫొటో ఫోన్‌లో ఉంటే పక్కన పెట్టుకోండి.
2. బిల్లు, యూపీఐ చెల్లింపు స్క్రీన్‌షాట్, బుకింగ్ మెసేజ్‌లు దాచండి. బిల్లు ఇవ్వకపోతే అడగండి. సేవకు బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా వినియోగదారుల చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది.
3. గాయం ఉంటే అదే రోజు పశువైద్యుడికి చూపించండి. ప్రభుత్వ పశువైద్యశాలైనా, ప్రైవేటు క్లినిక్కైనా ఫర్వాలేదు. హైదరాబాద్‌లో ఉంటే నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. గాయం ఎక్కడ, ఎంత, ఎలా అయి ఉండవచ్చు అన్నది తేదీతో సహా రాసివ్వమని అడగండి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం పశువు ఆరోగ్య ధ్రువపత్రంపై సంతకం చేసే అధికారం రిజిస్టర్డ్ పశువైద్యులకే ఉంది.
4. మత్తు ఇచ్చారేమో సెలూన్‌ను అడగండి. కుక్క ఇంటికొచ్చాక మగతగా ఉంటే ఇది తప్పనిసరి. మత్తుమందు ఇవ్వడం వైద్యం కిందికి వస్తుంది, గ్రూమర్ చేయాల్సిన పని కాదు.
5. సీసీటీవీ ఫుటేజీ చెరిపేయవద్దని మెసేజ్ పెట్టండి. చాలాచోట్ల కొద్ది రోజులకే పాత రికార్డింగ్ మీద కొత్తది పడిపోతుంది.

సెలూన్‌తో ఎలా మాట్లాడాలి?

ముందు ఫోన్‌లో మర్యాదగా చెప్పండి. ఆ వెంటనే అదే విషయం వాట్సాప్‌లోనో, ఈమెయిల్‌లోనో రాయండి. ఫోన్‌లో అన్న మాటకు సాక్ష్యం ఉండదు. ఏం కావాలో ఒక్కటే స్పష్టంగా అడగండి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు.

'ఫలానా తేదీన మా పామేరియన్‌కు మీ దగ్గర కటింగ్ చేయించాం. రూ.1,500 చెల్లించాం. చివర్లు మాత్రమే కత్తిరించమని చెప్పాం. చర్మం దాకా గొరిగారు. కుడి తొడ లోపల చర్మం కందింది. అదే రోజు డాక్టరుకు చూపించాం. చీటీ, ఫొటోలు జత చేస్తున్నాం. చెల్లించిన మొత్తం, వైద్యం ఖర్చు 15 రోజుల్లో ఇవ్వగలరు. లేదంటే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాం.'

గాయం లేకుండా కటింగ్ మాత్రమే వంకరగా ఉంటే ఉచితంగా సరిచేయమనో, కొంత డబ్బు వెనక్కి ఇవ్వమనో అడగడం సబబు. సరిచేయడానికి ఒప్పుకొంటే మీరు పక్కన ఉండి చేయించండి. కుక్క బెదిరిపోయి ఉంటే అదే రోజు మళ్లీ కూర్చోబెట్టకండి.

యాప్‌లో బుక్ చేసి ఇంటికి పిలిపించుకున్నారా? 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ ప్లాట్‌ఫామ్‌కు ఫిర్యాదుల అధికారి ఉండాలి. మీ ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో చెప్పాలి. నెలలోపు పరిష్కరించాలి. 'పని చేసినతన్నే అడగండి' అని చేతులు దులుపుకొంటే ఈ నిబంధన గుర్తు చేయండి.

సెలూన్ ఒప్పుకోకపోతే?

తొలి మెట్టు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులోనూ మాట్లాడవచ్చు. జాతీయ సెలవులు తప్ప మిగతా రోజుల్లో ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది. 8800001915 నంబరుకు వాట్సాప్ కూడా చేయవచ్చు. మీ ఫిర్యాదును వాళ్లు అవతలి పక్షానికి పంపి పరిష్కారానికి ప్రయత్నిస్తారు. అయితే ఇది కోర్టు కాదు, డబ్బు ఇవ్వాల్సిందేనని ఆదేశించలేదు.

రెండో మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. వినియోగదారుల రక్షణ చట్టం-2019 కింద ముఖ్యమైన విషయాలు ఇవి.

• ఘటన జరిగిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి.
• చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. గ్రూమింగ్ కేసులన్నీ దాదాపు ఇందులోకే వస్తాయి.
• లాయరు తప్పనిసరి కాదు. మీ కేసు మీరే వాదించుకోవచ్చు.
• సెలూన్ ఎక్కడున్నా మీరు నివసించే చోటి కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. కుక్కను హైదరాబాద్‌లో చూపించినా దంతాలపల్లి కుటుంబం కేసు కోసం అక్కడికి వెళ్లనక్కర్లేదు. మహబూబాబాద్ 2016లో ఉమ్మడి వరంగల్ నుంచి విడిపోయిన జిల్లా. కొత్త జిల్లాల వాళ్లు తమ మండలం ఏ కమిషన్ పరిధిలో ఉందో 1915లో అడిగి నిర్ధారించుకోవడం మంచిది.
• ఆన్‌లైన్‌లో వేయాలంటే ఈ-జాగృతి పోర్టల్ ఉంది. ఇది 2025 జనవరి 1న మొదలైంది. వీడియో కాన్ఫరెన్స్ ద్వారా విచారణ కోరవచ్చు.
• ఇరుపక్షాలూ ఒప్పుకొంటే కమిషనే మధ్యవర్తిత్వానికి పంపుతుంది.
• పరీక్షలు అవసరం లేని కేసు అవతలి పక్షానికి నోటీసు అందిన మూడు నెలల్లో తేలాలని చట్టం చెబుతోంది. ఆచరణలో వాయిదాలతో ఎక్కువ కాలం పట్టవచ్చు.

కమిషన్ ప్రధానంగా అఫిడవిట్లు, పత్రాల ఆధారంగా తీర్పు ఇస్తుంది. అందుకే డాక్టరు చీటీ, బిల్లు, మెసేజ్‌లు అంత ముఖ్యం. నెల తర్వాత మానిన గాయాన్ని చూపించి గెలవడం కష్టం.

ఎంత అడగవచ్చు?

గ్రూమింగ్ కోసం కట్టిన డబ్బు, వైద్యం ఖర్చు, ప్రయాణ ఖర్చు, మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు అడగవచ్చు. తిరిగి పెరిగే బొచ్చు కోసం లక్షలు అడిగితే మీ వాదనే పలచబడుతుంది. రసీదులు చూపగలిగిన మొత్తానికి, న్యాయమనిపించే పరిహారం కలిపి అడగండి. ఉచిత ట్రయల్‌గా చేయించుకున్న పనికి ఈ చట్టం వర్తించదని గుర్తుంచుకోండి.

'ఏం జరిగినా మా బాధ్యత కాదు' అని సంతకం చేయించుకున్నారా?

అంతటితో దారి మూసుకుపోదు. నిర్లక్ష్యానికి కూడా బాధ్యత లేదని రాయించుకున్న షరతును కమిషన్ ముందు ప్రశ్నించవచ్చు. వినియోగదారుడి హక్కులను బాగా దెబ్బతీసే ఏకపక్ష షరతులను 2019 చట్టం 'అనుచిత ఒప్పందం'గా గుర్తించింది. అయితే కుక్క వయసు, జబ్బులు, కరిచే అలవాటు దాచి సంతకం చేసి ఉంటే తప్పు మీ వైపూ ఉన్నట్లే.

పోలీసుల దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

చెడ్డ కటింగ్ నేరం కాదు. కుక్కను కొట్టారని, హింసించారని ఆధారం ఉంటే జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం-1960లోని సెక్షన్ 11 వర్తిస్తుంది. కానీ తొలిసారి నేరానికి జరిమానా రూ.10 నుంచి రూ.50 మాత్రమే. ఉద్దేశపూర్వకంగా చంపినా, అవయవం పోగొట్టినా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కింద ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. ఒట్టి అజాగ్రత్తకు ఈ సెక్షన్ నిలవదు. దానికి వినియోగదారుల కమిషనే సరైన చోటు.

రివ్యూలో ఏం రాయాలి?

జరిగింది మాత్రమే రాయండి. తేదీ, చేయించిన పని, వచ్చిన ఫలితం, సెలూన్ ఇచ్చిన జవాబు చాలు. 'దొంగలు', 'కుక్కల్ని చంపేస్తారు' లాంటి మాటలు రాస్తే పరువునష్టం నోటీసు మీకే రావచ్చు. డబ్బు ఇస్తేనే రివ్యూ తీసేస్తామని బెదిరించడం కూడా వద్దు.

ఈసారి వెళ్లేటప్పుడు

కుక్కపిల్లలను అమ్మే దుకాణాలకు 2018 పెట్ షాప్ నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి. గ్రూమింగ్ మాత్రమే చేసే చోటుకు ఆ నిబంధనలు వర్తించవు. అందువల్ల బోర్డు చూసి నమ్మకుండా అడిగి తెలుసుకోవాలి. అద్దంలోంచి చూడనిస్తారా, డ్రైయర్ పెట్టి ఒంటరిగా వదిలేస్తారా, టీకా కార్డు అడుగుతారా అన్నవి గమనించండి. టీకాలు అడగని చోట మీ కుక్క పక్కన ఏ జబ్బున్న కుక్క ఉందో తెలియదు.

ఎంత పొడవు ఉంచాలో వేలితో చూపించడం కాకుండా ఫొటోతో వాట్సాప్‌లో పంపండి. 'చర్మం దాకా గొరగొద్దు, అవసరమైతే ముందు ఫోన్ చేయండి' అని ఒక్క వాక్యం జోడించండి. తీసుకునేటప్పుడు అక్కడే ఐదు నిమిషాలు ఆగి, కుక్కను తడిమి చూశాకే డబ్బు చెల్లించండి. దంతాలపల్లి కుటుంబం ఆ ఐదు నిమిషాలు ఆగి ఉంటే తొడ మీది ఎరుపు సెలూన్‌లోనే బయటపడి ఉండేదేమో. అక్కడ కనిపించకపోయినా, ఇంటికొచ్చిన రోజే డాక్టరు రాసిచ్చిన చీటీ ఉంటే 'నెలలో వచ్చేస్తుంది' అన్నవాళ్లకు చూపించడానికి చేతిలో ఓ కాగితం ఉంటుంది.